చెన్నై వానల్లో మొహానికి ఏం రాయాలి, ఏం మానాలి

చెల్లీ, నువ్వు రాసింది నాకు అర్థమైనంతలో ఇదీ. అనంతపురంలో హాయిగా సరిపోయిన క్రీములూ సీరమ్‌లూ చెన్నైలో షోళింగనల్లూరు పీజీకి వచ్చాక పడటం లేదు. ఆఫీసు బస్సు ఎక్కేలోపే మొహం జిడ్డోడుతోంది, సన్‌స్క్రీన్ తెల్లగా చారలు కట్టి కారిపోతోంది. అక్టోబరులో వానలు మొదలయ్యాక నుదుటి మీదా వీపు మీదా దురదపెట్టే సన్నటి పొక్కులు లేచాయి. రూమ్మేటేమో మాయిశ్చరైజరూ సన్‌స్క్రీనూ రెండూ మానేయమంది. ఇంకో అమ్మాయి రోజుకు ఐదుసార్లు ఫేస్‌వాష్‌తో కడుక్కోమంది. మందుల షాపతను ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. ఇప్పుడు కొత్తగా ఏం కొనాలి అని అడిగావు.

దాదాపు ఏమీ కొనక్కర్లేదు. నీ దగ్గరున్నవాటిలో మూడు తీసి పక్కన పెట్టు, ఒకటి మార్చు. ఆ ట్యూబు మాత్రం ఇవాళ రాత్రి రాయకు, దాని సంగతి కింద చెబుతాను. నేను ఫార్మసీ చదివి, క్రీములు తయారుచేసే చోట చాలాకాలం పనిచేసి, ఇప్పుడు వేళచ్చేరిలో మందుల షాపు నడుపుతున్నాను. డాక్టర్ని కాను. కానీ దీపావళి దగ్గర పడేసరికి మా కౌంటర్ దగ్గర తెలుగు పిల్లలు అడిగేది ఏటా ఇదే ప్రశ్న.

ముందు ఊళ్ళ తేడా చూడు. అనంతపురం దేశంలోనే బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి, అక్కడి గాలి పొడి గాలి. మన దగ్గర వానాకాలమంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా. చెన్నైకి అసలు వాన ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో వస్తుంది. ఏడాదికి దాదాపు 140 సెంటీమీటర్లు పడితే అందులో సగానికి పైగా ఈ మూడు నెలల్లోనే. పక్కనే సముద్రం కాబట్టి వాన లేని రోజు కూడా గాలి నిండా తేమే. వానాకాలం ఉదయాల్లో అది 80, 90 శాతం మధ్య ఉండటం ఇక్కడ మామూలు.

చాలామంది ఇక్కడ చెమట ఎక్కువ పడుతుందనుకుంటారు. అంతకంటే పెద్ద చిక్కు, పట్టిన చెమట ఆరకపోవడం. ముసురు రోజుల్లో దండెం మీద బట్ట ఎందుకు ఆరదో ఇదీ అందుకే. ఆరని చెమట చర్మంలోంచి ఊరే జిడ్డును మొహమంతా పరుస్తుంది. ఇంకో సంగతి ఉంది. పొడి గాలిలో చర్మంలోని నీరు ఆవిరైపోతూ ఉంటుంది కాబట్టి దాన్ని పట్టి ఉంచడానికి మందపాటి క్రీము కావాలి. ఇక్కడ గాలిలోనే తేమ ఉండటంతో ఆ ఆవిరి తగ్గుతుంది, క్రీము చేయాల్సిన పనిలో సగం గాలే చేసేస్తుంది. నువ్వు దాని మీద హైలురోనిక్ సీరమ్, సెరమైడ్ క్రీము, సన్‌స్క్రీన్, రాత్రి ఫేస్ ఆయిల్ అని పొర మీద పొర వేస్తున్నావు. కారక ఏమవుతుంది?

అలాగని మీ రూమ్మేట్ మాట విని మాయిశ్చరైజర్ పూర్తిగా మానేయకు. రోజులో ఎనిమిది తొమ్మిది గంటలు ఏసీలో కూర్చుంటావు. ఏసీ గాలిలోంచి తేమను లాగేస్తుంది. అందుకే ఓఎంఆర్ మీద, అంటే మీ ఐటీ ఆఫీసులున్న రోడ్డు మీద, పనిచేసే పిల్లల మొహాలు పైకి జిడ్డుగా, లోపల బిగుతుగా, ముక్కు పక్కన పొట్టు రాలుతూ ఉంటాయి. ఆ బిగుతు చూసి ఇంకాస్త మందం క్రీము రాస్తే బయటికి రాగానే మళ్ళీ జిడ్డు. కాబట్టి మాయిశ్చరైజర్ ఉండాలి, రాత్రిపూట, పల్చగా.

పల్చటిది ఏదో కొనేముందు అట్ట వెనక పదార్థాల జాబితా చదువు. ఎక్కువ మోతాదులో ఉన్నది ముందు రాస్తారు. మొదటి ఐదారు పేర్లలో పెట్రోలాటమ్, మినరల్ ఆయిల్, షియా బటర్, కొబ్బరినూనె లాంటివి ఉంటే ఈ మూడు నెలలూ అది మొహానికి వద్దు. నీళ్ళ తర్వాత గ్లిజరిన్, నయాసినమైడ్, డైమెథికోన్ లాంటివి వస్తే సరిపోతుంది. జెల్ అని పెద్ద అక్షరాలతో రాసి లోపల క్రీమే పోసిన డబ్బాలూ ఉంటాయి, అందుకే జాబితా చూడమంటున్నాను. నాన్ కామెడోజెనిక్, అంటే చర్మ రంధ్రాలు మూయదు, అన్న మాటను కూడా పెద్దగా పట్టించుకోకు. ఆ మాట రాసుకోవడానికి అందరూ పాటించాల్సిన ఒకే పరీక్ష ఏమీ లేదు. నువ్వు మార్చాలన్న ఒక్కటీ ఇదే: సెరమైడ్ క్రీము బదులు పల్చటి జెల్. హైలురోనిక్ సీరమ్, ఫేస్ ఆయిల్, ఆ మందపాటి క్రీము మూతపెట్టి అల్మారాలో ఉంచు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఆ క్రీము పనికొస్తుంది.

విటమిన్ సి సీరమ్ ఉంచుకోవచ్చు. కాకపోతే ఇక్కడి వేడికి, గాలికి, వెలుతురుకి అది త్వరగా పాడవుతుంది. లేత పసుపు దాటి గోధుమ రంగుకు తిరిగితే పారేయి. బాత్రూములో పెట్టకు. రెటినాల్‌ను పొక్కుల దురద తగ్గేదాకా ఆపు, తర్వాత వారానికి రెండు రాత్రులతో మళ్ళీ మొదలుపెట్టు.

ఇక కడుక్కోవడం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఇంటికొచ్చాక ఒకసారి ఫేస్‌వాష్. మధ్యలో చెమట పడితే ఉత్త నీళ్ళు, లేదా తడి రుమాలు అద్దుకుంటే చాలు. ఐదుసార్లు కడిగితే చర్మం పైపొర దెబ్బతిని మంట మొదలవుతుంది, ఆ తర్వాత ఏం రాసినా మండుతుంది. మామూలు సబ్బుల పీహెచ్, అంటే ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, 9, 10 దాకా ఉంటుంది, మన చర్మానిది 5 దగ్గర. పైగా మీ వైపు చాలా పీజీల్లో బోరు నీళ్ళో లారీ నీళ్ళో వాడతారు. ఆ నీళ్ళలోని కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది. బకెట్ అంచున కనిపించేదే చర్మం మీదా మిగులుతుంది. అందుకే నురుగు తక్కువ వచ్చే, సబ్బు కాని ఫేస్‌వాష్ మేలు. చివర్లో ఒక మగ్గు తాగే నీళ్ళతో మొహం కడుక్కుంటే ఇంకా మంచిది. మీ పీజీ ఆంటీకి మాత్రం తెలియనివ్వకు.

సన్‌స్క్రీన్ దగ్గర కాస్త ఎక్కువ చెప్పాలి. మబ్బు పట్టింది కదా, ఎండే లేదు కదా అంటారు. పల్చటి మబ్బుల్లోంచి అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా కిందికి వచ్చేస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నల్లటి మబ్బు కమ్మి కుండపోతగా కురిసే రోజు వదిలేయి, ఆ రోజు బయటికే వెళ్ళవు. కానీ చెన్నై వాన చాలా రోజుల్లో రాత్రి దంచి, పొద్దున తొమ్మిదికల్లా తెల్లటి ఎండ కాస్తుంది. పొక్కులు మానాక మిగిలే నల్ల మచ్చలు ముదరడానికి ఈ ఎండే కారణం. కాబట్టి మానొద్దు.

మరి కారిపోతోందంటే మూడు కారణాలు చూడు. ఒకటి, కింద ఇప్పటికే రెండు పొరలున్నాయి. పొద్దున పూట మాయిశ్చరైజర్ అక్కర్లేదు, సన్‌స్క్రీన్‌లోనే ఆ పని చేసే పదార్థాలుంటాయి. రెండు, తడి ఆరని మొహం మీద రాస్తున్నావు. స్నానం చేసి వచ్చిన వేడికి ఇంకా చెమట పడుతుండగానే రాస్తే అది ఎక్కడా అంటుకోదు. ఫ్యాను కింద ఐదు నిమిషాలు కూర్చుని, మొహం పూర్తిగా ఆరాక రాయి. మూడు, ఒకేసారి దట్టంగా పూస్తున్నావు. మొహానికీ మెడకీ కలిపి రెండు వేళ్ళ పొడవునా పిండినంత కావాలన్నది నిజమే, కానీ దాన్ని రెండు విడతలుగా పల్చగా రాయొచ్చు. బయల్దేరడానికి పావుగంట ముందే రాస్తే పట్టుకుంటుంది.

ఎస్‌పీఎఫ్ 30 అయితే చర్మాన్ని కమిలించే కిరణాల్లో 97 శాతం దాకా ఆపుతుంది, 50 అయితే 98. తేడా అంతే. అందుకే అంకె కోసం జిగట సహించకు, నువ్వు రోజూ సరిపడా రాయగలిగేదే తీసుకో. యూవీఏ కిరణాలను ఎంత ఆపుతుందో చెప్పే పీఏ గుర్తు పక్కన మూడు నాలుగు ప్లస్‌లు ఉన్నాయో లేదో చూసుకో. తెల్లచారలు జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవాటితో ఎక్కువ. కళ్ళల్లోకి కారి మండేది ఎక్కువగా ఆ రెండూ లేని రకం. చెమటతో మంట పుట్టే కంటి చుట్టూ మాత్రం జింక్ రకం వాడి, మిగతా మొహానికి జెల్ రకం వాడేవాళ్ళున్నారు, బాగానే ఉంటుంది. వాటర్ రెసిస్టెంట్ అంటే రోజంతా అని కాదు. నీళ్ళలో 40 నిమిషాలో 80 నిమిషాలో నిలిచిందని పరీక్షించి రాసే మాట అది. మధ్యాహ్నం భోజనానికి బయటికెళ్తే మళ్ళీ రాసుకో. కిటికీకి దూరంగా ఆఫీసులోనే ఉంటే అక్కర్లేదు. గొడుగు ఎలాగూ చేతిలో ఉంటుంది కదా, ఎండకూ విప్పు. ఈ ఊళ్ళో నిన్ను వింతగా చూసేవాళ్ళెవరూ లేరు.

ఇప్పుడు అసలు విషయం, నీ పొక్కులు. నువ్వు రాసిన తీరు చూస్తే అవి మొటిమలు కాకపోవచ్చు. అందరి చర్మం మీదా మలసీజియా అనే ఈస్ట్ ఉంటుంది. చర్మంలోంచి ఊరే కొవ్వే దాని తిండి. వేడి, చెమట, ఆరని తడి దొరికితే వెంట్రుక కుదుళ్ళలో పెరిగిపోతుంది. అప్పుడు వచ్చే పొక్కులు దాదాపు అన్నీ ఒకే సైజులో, ఆవగింజల్లా, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట, ఛాతీ మీద, వీపు పైభాగంలో వస్తాయి. దురద పెడతాయి. మొటిమలైతే చిన్నా పెద్దా కలిసి ఉంటాయి, మధ్యలో బ్లాక్‌హెడ్స్ కనిపిస్తాయి, నొప్పి ఎక్కువ, దురద తక్కువ. చెమటకాయలు ఇంకో రకం. చెమట బయటికొచ్చే దారి మూసుకుపోయి చురుక్కుమంటాయి, చల్లటి చోట కూర్చుంటే ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. వాటికి క్యాలమిన్ లోషన్ చాలు.

ఈస్ట్ పొక్కులకు మొటిమల మందులు పనిచేయవు. యాంటీబయాటిక్ మాత్రలు మింగితే ఎక్కువయ్యే అవకాశం కూడా ఉంది, ఎందుకంటే ఈస్ట్‌తో పోటీపడే బ్యాక్టీరియా చస్తుంది. వీటికి డాక్టర్లు తరచుగా చెప్పేది 2 శాతం కీటోకొనజోల్ షాంపూ. తలకు వాడేదే. పొక్కులున్న చోట నురుగు చేసి, మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడిగేయాలి, వారానికి రెండు మూడుసార్లు. కంట్లో పడనివ్వకు, రాత్రంతా ఉంచకు. నిజంగా మొటిమలే అయితే 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్‌తో మొదలుపెట్టవచ్చు, తువ్వాలూ దిండు గలీబూ రంగు పోతాయి, తెల్లవి వాడుకో. మొటిమలకే వాడే అడాపలీన్ జెల్ మాత్రం డాక్టర్ రాస్తేనే వాడు. గర్భిణులకు అది వద్దు.

కొబ్బరినూనె సంగతి చెబితే మీ అమ్మ నన్ను తిడుతుంది. రాత్రి తలకు దట్టంగా నూనె పట్టించి జడ వేసుకుని పడుకుంటే అది నుదుటి మీదికీ దిండు మీదికీ దిగుతుంది. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం, ఈ ఈస్ట్‌కు పనికొచ్చే కొవ్వుల్లో అదీ ఒకటి. తలకు నూనె మానమని అనను. తలస్నానానికి అరగంట ముందు రాసి, షాంపూతో పూర్తిగా వదిలించు. దీపావళికి నువ్వులనూనెతో తలంటు ఇక్కడ తప్పదు, తెల్లారేసరికి పక్కింటి మామి గంగాస్నానం అయిందా అని అడుగుతుంది కూడా. చక్కగా చేయించుకో. సున్నిపిండో, ఇక్కడ దొరికే నలంగు మావు అనే స్నానపు పిండో ఒంటికి రుద్దుకో. పొక్కులున్న నుదుటినీ వీపునూ మాత్రం వదిలేయి, రుద్దితే అవి చిట్లి మచ్చలవుతాయి. నిమ్మరసం ఎక్కడా వద్దు.

మెడ మీదో భుజాల మీదో తెల్లగానో గోధుమ రంగులోనో సన్న పొట్టుతో మచ్చలు కనిపిస్తే అది శోభి. అదీ ఇదే ఈస్ట్ పని. ఈ వానల్లో చాలామందికి వస్తుంది. బొల్లి అనుకుని టెన్షన్ పడి ఏడుస్తూ వచ్చే పిల్లల్ని చూస్తుంటాను. మందుతో ఈస్ట్ పోయాక కూడా చర్మం రంగు కలవడానికి నెలలు పడుతుంది. రంగు రాలేదని మందు మళ్ళీ మళ్ళీ రాయకు. గుండ్రంగా, అంచు ఎర్రగా లేచి, మధ్యలో మామూలుగా ఉంటే అది తామర, దానికి వేరే మందు, ఎక్కువ రోజుల మందు.

ఇక ఆ ట్యూబు. పెట్టె మీద పేర్లు చదువు. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్ అన్న పేరు ఉందంటే అది స్టెరాయిడ్. దానికి ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్ కలిపి మూడింటిని ఒకే ట్యూబులో పెట్టి అమ్ముతారు, ఏ రోగమైనా ఏదో ఒకటి తగులుతుందన్న లెక్క. రెండు రోజుల్లో ఎరుపూ దురదా తగ్గుతాయి, అబ్బ పనిచేసింది అనుకుంటావు. స్టెరాయిడ్ చేసేది ఒంటి ఎదురుదాడిని అణచడం. ఫంగస్ మాత్రం కింద తీరిగ్గా పాకుతుంది. తామర అయితే అంచులు చెరిగిపోయి, డాక్టరుకు కూడా గుర్తుపట్టడం కష్టమయ్యేలా తయారవుతుంది. మొహానికి వారాల తరబడి రాస్తే చర్మం పల్చబడి, ఎర్రటి సన్న నరాలు తేలి, నూగు పెరిగి, మానేసిన రోజు నుంచి మంటా పొక్కులూ రెట్టింపవుతాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ లేపనాలను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా కౌంటర్ల మీద ఎలా చేతులు మారుతున్నాయో నీకే ఎదురైంది. మా వృత్తిలో నాకు నచ్చని సంగతి ఇది. రెండు మూడు రోజులే రాసి ఉంటే ఆపేయి, ఏం కాదు. వారాలుగా రాస్తూ ఉంటే నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపకుండా స్కిన్ డాక్టరుకు చూపించు. పార్లర్‌లో ఇచ్చే, పేర్లు లేని తెల్లబరిచే రాత్రి క్రీములకూ ఇదే మాట. వాటిలోనూ స్టెరాయిడ్ ఉండొచ్చు.

మందు సగమైతే బట్టలు సగం. పీజీలో తువ్వాలు తలుపు వెనక తడిగా వేలాడుతుంది, మర్నాడు దాంతోనే మొహం తుడుస్తావు. మొహానికి చిన్న చేతి రుమాళ్ళు నాలుగైదు పెట్టుకుని రోజుకొకటి మార్చు. తువ్వాలు ఎవరితోనూ పంచుకోకు. లోదుస్తులు, జీన్స్ తేమగా ఉండగానే వేసుకోవద్దు. ఆరలేదనిపిస్తే కుట్ల మీద, నడుము పట్టీ మీద బాగా వేడిగా ఇస్త్రీ చేసి వేసుకో. దిండు గలీబు వారానికి రెండుసార్లు. బండి మీద వెళ్ళేరోజు హెల్మెట్ కింద పల్చటి నూలు గుడ్డ కట్టుకుని దాన్ని రోజూ ఉతుకు. తడిసిన చున్నీ మెడకు చుట్టుకునే ఉండకు. తడి మొహం మీదా మెడ మీదా పౌడరు చల్లితే ముద్దకడుతుంది, ఆరాక కొంచెం చాలు.

కాళ్ళ సంగతి నువ్వు అడగలేదు. అయినా వేళచ్చేరిలో ఉండేదాన్ని, 2015 వరదా, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానూ చూసినదాన్ని, చెప్పకుండా ఉండలేను. బస్సు స్టాపు దగ్గర నీళ్ళలో దిగి నడిచిన రోజు ఇంటికి రాగానే సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు గుడ్డతో ఒత్తి తుడుచుకో. అక్కడ తడి ఉంటే ఒరిసిపోయి ఫంగస్ పడుతుంది. తడి బూట్లు మర్నాడే వేసుకోకు, చెప్పులతో వెళ్ళు. కాలికి గాయం ఉండి వరద నీళ్ళలో నడిచి, తర్వాత జ్వరమూ పిక్కల నొప్పీ వస్తే అది ఎలుకల మూత్రం ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ కావచ్చు. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళి, వరద నీళ్ళలో నడిచానని నోరు విప్పి చెప్పు.

ఇవన్నీ పాటించినా మూడు నాలుగు వారాల్లో పొక్కులు తగ్గకపోతే, లేదా చీము, నొప్పి, గుండ్రటి మచ్చలు మొదలైతే చర్మ వైద్యులకు చూపించు. ఖర్చు భయమైతే సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ విభాగం ఉంది, పొద్దున్నే వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ సంచిలో వేసుకెళ్ళు, ఆ మందుల షాపతను ఇచ్చిన ట్యూబుతో సహా. అనుమానం ఉంటే వాళ్ళు పైపొట్టు కొద్దిగా గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. ముందు రోజుల్లో ఫంగస్ మందు రాసి ఉంటే ఆ పరీక్షలో ఏమీ కనిపించకపోవచ్చు. అందుకని ఏ మందు చివరిసారి ఎప్పుడు రాశావో ఫోన్లో రాసి పెట్టుకుని, ముందుగా ఆ మాటే చెప్పు.